రక్తం పలచబడే మందు: ముందు మీది ఏ రకమో చూసుకోండి

గుండె జబ్బు ఉన్న ఇంట్లో 'రక్తం పలచబడే మాత్ర' అన్న మాట వినపడగానే సలహాలు వచ్చిపడతాయి. ఒకరు ఆకుకూర ముట్టుకోవద్దంటారు. ఇంకొకరు నెలనెలా రక్తపరీక్ష తప్పదంటారు. మరొకరు "మా బావగారు పన్ను తీయించుకోవడానికి ఐదు రోజులు మానేశారు, ఏమీ కాలేదు" అంటారు. ప్రతి మాటా ఎవరో ఒకరి విషయంలో నిజమే అయ్యుంటుంది. కాకపోతే వాళ్ల మాత్ర వేరు, మీ మాత్ర వేరు.

పేరు అలా పడిపోయింది గానీ ఈ మందులేవీ రక్తాన్ని నీళ్ల చారులా పలచన చెయ్యవు. రక్తం చిక్కదనం ఎంతుందో అంతే ఉంటుంది, గడ్డకట్టే పని మాత్రం నెమ్మదిస్తుంది. ఆ పనిని ఎక్కడ అడ్డుకుంటాయో దాన్ని బట్టి నోటితో వేసుకునే మందులు మూడు రకాలు. స్ట్రిప్ వెనక్కి తిప్పి, బ్రాండు పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రసుగ్రెల్ అని ఉంటే మొదటి రకం. ఇవి రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తాయి. గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంట్ వేసినవాళ్లకి, బైపాస్ అయినవాళ్లకి ఇస్తారు. వీటికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) పరీక్ష అక్కర్లేదు, ఆకుకూరలతో పేచీ లేదు.

ఎసినోకుమరాల్ లేదా వార్ఫరిన్ అని ఉంటే రెండో రకం. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఎసిట్రోమ్‌లో ఉన్నది ఎసినోకుమరాలే. దానికే నికౌమలోన్ అని ఇంకో పేరుంది, రెండూ వేర్వేరు మందులనుకుని కలిపి వేసుకోకూడదు. గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మందులు ఆ సాయాన్ని అడ్డుకుంటాయి. పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష, ఆకుకూరల లెక్క, ఇతర మందులతో తకరారు, అన్నీ ఈ రకానివే.

డాబిగాట్రాన్, రివరాక్సాబాన్, అపిక్సాబాన్ అని ఉంటే మూడో రకం. ఇవి గడ్డకట్టే గొలుసులో ఒకే ఒక్క మెట్టును నేరుగా అడ్డుకుంటాయి. వాల్వ్ జబ్బు లేకుండా గుండె లయ తప్పినవాళ్లకి, కాలి సిరల్లో గడ్డలు వచ్చినవాళ్లకి ఎక్కువగా ఇస్తారు.

కొందరికి రెండు రకాలు కలిపి రాస్తారు. స్టెంటూ ఉండి గుండె లయా తప్పితే క్లోపిడోగ్రెల్‌తో పాటు అపిక్సాబాన్ ఇవ్వడం మామూలే. అప్పుడు రక్తస్రావం భయం రెట్టింపవుతుంది కాబట్టి ఆ జంట ఎన్ని నెలలో, తర్వాత ఏది ఆపాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి. రాయకపోతే ఏళ్ల తరబడి రెండూ మింగుతూనే ఉంటారు.

ఇక్కడ ఎక్కువగా చెప్పేది రెండో రకం గురించి. తప్పులు ఎక్కువ జరిగేది దానిలోనే. పైగా చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలై కీళ్లవాతంగా, ఆపైన వాల్వ్ జబ్బుగా ముదిరి, ఇరవై ముప్పై ఏళ్లకే లోహపు వాల్వ్ వేయించుకున్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ మాత్ర జీవితాంతం.

లోహపు వాల్వ్‌కి కొత్త మందులు ఎందుకు పనికిరావు

"పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయట, వాటికి మారతాం" అని చాలామంది అడుగుతారు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లు మారకూడదు. డాబిగాట్రాన్‌ను ఇలాంటివాళ్లలో వాడి చూసిన ప్రయోగంలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2013లో బయటికొచ్చాయి. అపిక్సాబాన్‌తో చేసిన ప్రయోగాన్నీ గడ్డలు ఎక్కువై 2022లో మధ్యలోనే ఆపారు. కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) ఇరుకైపోయి, దాంతో గుండె లయ తప్పినవాళ్లకి కూడా పాత మందే (రెండో రకం) మేలని అదే 2022లో తేలింది. జంతు కణజాలంతో చేసిన వాల్వ్ సంగతి వేరు. దానికి సాధారణంగా మొదటి మూడు నుంచి ఆరు నెలలే ఈ మందు ఇస్తారు. మీది ఏ వాల్వో, ఏ స్థానంలో వేశారో ఆపరేషన్ కాగితంలో ఉంటుంది. దాన్ని లామినేషన్ చేయించి పెట్టుకోండి.

ఐఎన్ఆర్ అంకె ఏం చెబుతుంది

మందు వేసుకోని మనిషికి ఐఎన్ఆర్ 1 దగ్గర ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఒక్కో లాబు వాడే రసాయనం ఒక్కో రకంగా పనిచేస్తుంది కాబట్టి, సెకన్లలో చెప్పే పీటీ అంకెను పోల్చడానికి వీల్లేక 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్కను ఖాయం చేసింది. కాగితం మీద పీటీ సెకన్లు, కంట్రోల్, ఐఎన్ఆర్ అని మూడు అంకెలుంటాయి. మీరు చూడాల్సింది ఐఎన్ఆర్ ఒక్కటే.

ఎంత ఉండాలన్నది వాల్వ్‌ను బట్టి మారుతుంది. ఇప్పటి రెండు రెక్కల లోహపు వాల్వ్ అయోర్టిక్ స్థానంలో (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారం దగ్గర) ఉండి వేరే చిక్కులేవీ లేకపోతే 2 నుంచి 3 మధ్య. మైట్రల్ స్థానంలో ఉంటే 2.5 నుంచి 3.5. అక్కడ రక్తం నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో కదులుతుంది కాబట్టి గడ్డ త్వరగా పట్టుకుంటుంది, అందుకే అంకె కాస్త ఎక్కువ పెడతారు. వాల్వ్ వేయించుకోకుండా, గుండె లయ తప్పడానికి మాత్రమే వాడితే 2 నుంచి 3. మీకు పెట్టిన హద్దును డాక్టరుతో నోట్‌బుక్కు మొదటి పేజీలో రాయించుకోండి. హద్దు తెలియకపోతే రిపోర్టులో 3.2 చూసి ఒకరికి సంతోషించాలో ఇంకొకరికి కంగారుపడాలో తేలదు. లాబు వాళ్లు పక్కన అచ్చేసే 'నార్మల్ 0.8 నుంచి 1.2' అన్నది మందు వేసుకోనివాళ్లది. దాన్ని చూసి "ఎక్కువైపోయింది" అని మాత్ర ఆపేసిన ఇళ్లున్నాయి.

ఆపరేషన్ అయిన కొత్తలో వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి, అంకె కుదురుకున్నాక నెలకోసారి పరీక్ష. డోసు మార్చిన ప్రతిసారీ వారం లోపల మళ్లీ చూడాలి. మారిన డోసు ప్రభావం పూర్తిగా కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది, మర్నాడే చూసి లాభం లేదు.

పరీక్షకు పరగడుపున వెళ్లక్కర్లేదు. రక్తం తీసేది లేత నీలం మూత ఉన్న గొట్టంలోకి. అందులో సోడియం సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్నది లెక్క. 0.3 మి.లీ. ద్రవం ఉన్న గొట్టంలో 2.7 మి.లీ. రక్తం పడాలి. నరం దొరక్క గొట్టం సగమే నింపితే సిట్రేట్ పాలు ఎక్కువై, ఐఎన్ఆర్ అసలుకన్నా ఎక్కువగా చూపిస్తుంది. గొట్టం మీద గీత వరకు నిండిందో లేదో మీరే చూడండి, నిండకపోతే మళ్లీ తీయమనండి. అంకె ఉన్నట్టుండి ఎగిరిందీ, ఒంట్లో ఏ తేడా లేదూ అంటే డోసు మార్చేముందు మంచి లాబులో ఇంకోసారి చేయించడమే తెలివి. వేలి కొనన చుక్క రక్తంతో చూసే మీటర్లు కూడా వచ్చాయి. మామూలు హద్దుల్లో బాగానే చెబుతాయి, కానీ 4 దాటి చూపిస్తే నరం నుంచి తీసిన రక్తంతో సరిచూసుకోవాలి.

మాత్ర ఎప్పుడు, ఎలా

రోజూ సాయంత్రం ఒకే వేళకు, ఏడు గంటలకో ఎనిమిది గంటలకో. సాయంత్రమే ఎందుకంటే, పొద్దున ఇచ్చిన రక్తం రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది, డాక్టరు డోసు మారిస్తే ఆ రాత్రి మాత్రతోనే అమలు చెయ్యొచ్చు.

ఎసిట్రోమ్ అర, 1, 2, 3, 4 మి.గ్రా. మాత్రలుగా దొరుకుతుంది. పేరు ఒకటే, బలం వేరు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది: షాపులో 1 లేకపోతే 4 స్ట్రిప్ చేతికొస్తుంది, ఇంట్లో పెద్దాయన "అదే మాత్ర" అని ఒకటి వేసుకుంటారు. పాత స్ట్రిప్ తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడకుండా కొత్తది కొనకండి. ఒకే బలం ఉన్న మాత్రలు కొని, కావలసినన్ని లేదా సగం చేసి వాడుకుంటే ఇంట్లో రెండు బలాలు కలిసిపోయే పని ఉండదు.

ఎసిట్రోమ్ దొరకలేదని అన్నే మి.గ్రా. వార్ఫరిన్ కొనకూడదు. 1 మి.గ్రా. ఎసినోకుమరాల్ సుమారు 2 మి.గ్రా. వార్ఫరిన్ చేసే పని చేస్తుంది. వార్ఫరిన్ ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎసినోకుమరాల్ త్వరగా దిగిపోతుంది. అంటే ఎసిట్రోమ్ ఒక పూట మరిస్తే వార్ఫరిన్ మరిచినప్పటికన్నా తొందరగా అంకె పడుతుంది.

మరిచిపోతే: పడుకునేలోగా గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలెయ్యండి, ఆ రోజు మాత్ర ఆ వేళకు ఒకటే వెయ్యండి. రెండు కలిపి వెయ్యకూడదు. మరిచిన తేదీ నోట్‌బుక్కులో రాయండి. రాయకపోతే తక్కువ వచ్చిన ఐఎన్ఆర్ చూసి డాక్టరు డోసు పెంచుతారు, మీరు మళ్లీ సరిగా వేసుకోవడం మొదలుపెడతారు, రెండు వారాల్లో ముక్కు నుంచి రక్తం.

డోసు మార్పును డాక్టర్లు వారం మొత్తం మీద లెక్క వేస్తారు, ఒక విడతకు సాధారణంగా 5 నుంచి 20 శాతం. రోజుకు 2 మి.గ్రా. చొప్పున వారానికి 14 అవుతుంది. అయోర్టిక్ వాల్వ్ ఉన్న మనిషికి అంకె 1.7 వచ్చిందనుకోండి, ఐదు రోజులు 2, రెండు రోజులు 3 వెయ్యమంటే వారానికి 16, అంటే 14 శాతం పెరిగినట్టు. ఆ రెండు రోజులు ఏవో వారాల పేర్లతో రాయించుకోండి: మంగళవారం, శుక్రవారం 3, మిగతా రోజులు 2. 'రోజు విడిచి రోజు' అని రాస్తే నిన్న ఏది వేశామో గుర్తులేక సతమతమవుతారు. లెక్క ఎలా ఉంటుందో తెలియడానికి చెప్పింది ఇది, సొంతంగా డోసు మార్చుకోవడానికి కాదు.

ఆకుకూర మానొద్దు, మోతాదు మార్చొద్దు

పచ్చి ఆకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. వంద గ్రాముల పాలకూరలో 480 మైక్రోగ్రాముల దాకా, తోటకూరలో అంతకు రెట్టింపుకు పైగా ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకు కావలసింది సుమారు వంద. వండితే ఇది పోదు. మునగాకు, మెంతికూర, బచ్చలి, కొత్తిమీర పచ్చడి, క్యాబేజీ ఇదే దారి, ఎక్కువ తక్కువల తేడా తప్ప. పోపులో వేసే నాలుగు కరివేపాకు రెబ్బలతో గొడవ లేదు. వంకాయ, సొరకాయ, దోసకాయ, బీరకాయ, బంగాళాదుంప నిశ్చింతగా తినొచ్చు.

"ఆకుకూరలు పూర్తిగా మానెయ్" అనే సలహా మంచికన్నా చెడు ఎక్కువ చేస్తుంది. విటమిన్ కె బొత్తిగా తక్కువ తినేవాళ్ల ఐఎన్ఆర్ నిలకడగా ఉండదు. ఎప్పుడో పెళ్లిలో తిన్న ఒక్క గిన్నెడు తోటకూర పప్పు వాళ్ల అంకెను కుదిపేస్తుంది. వారానికి మూడుసార్లు ఆకుకూర పప్పు తినే ఇల్లయితే మూడుసార్లే తినండి, ఆ తిండికి తగ్గట్టే డోసు పెడతారు. పట్టింపు ఉండాల్సింది మార్పు దగ్గర.

మన క్యాలెండరులో ఆ మార్పులు వచ్చే రోజులు ముందే తెలుసు. ఆషాఢంలో మునగాకు తినాలని ఇంటిల్లిపాదీ రోజూ వండితే అంకె పడిపోతుంది. కార్తీకంలో ఉపవాసాలు, అయ్యప్ప దీక్షలో 41 రోజుల ఒంటిపూట భోజనం, రంజాన్ నెల ఉపవాసం, వీటిలో తిండి తగ్గితే అంకె పెరుగుతుంది. దీక్ష మానమని కాదు. మొదలుపెట్టిన వారానికి ఒక ఐఎన్ఆర్, ముగించి మామూలు భోజనానికి వచ్చాక ఇంకొకటి చేయిస్తే సరిపోతుంది. బరువు తగ్గాలని గోధుమగడ్డి రసమో, పచ్చి ఆకుల జ్యూసో కొత్తగా మొదలుపెట్టడం మాత్రం వద్దు. కల్లు, సారా, బ్రాందీ ఏదైనా ఒక్కసారి ఎక్కువ తాగితే అంకె ఎగురుతుంది, పడిపోతే తలకు దెబ్బ తగులుతుంది, రెండూ ఒకే రాత్రి జరగొచ్చు.

జ్వరం, విరేచనాలు, వాంతులతో రెండు మూడు రోజులు అన్నం సయించకపోయినా అంకె పెరుగుతుంది. గుండె బలహీనపడి కాళ్ల వాపులొచ్చినప్పుడు కాలేయం ఉబ్బి అప్పుడూ పెరుగుతుంది.

ఊళ్లో డాక్టరు ఇచ్చే మాత్రలు

విరేచనాలు పట్టుకున్నాయి. వీధి చివర ఆర్ఎంపీ మెట్రోనిడజోల్ ఇచ్చారు. విరేచనాల వల్ల తిండి లేదు కాబట్టి అంకె ఒక పక్క నుంచి పెరుగుతోంది. మెట్రోనిడజోల్ ఈ మందు ఒంట్లోంచి పోకుండా అడ్డుకుంటుంది కాబట్టి ఇంకో పక్క నుంచీ పెరుగుతుంది. నాలుగో రోజుకి మూత్రం ఎర్రగా వస్తుంది. పెద్ద ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవాళ్లలో ఈ కథ మళ్లీమళ్లీ వినపడుతుంది.

అంకెను పెంచే మందుల్లో ముఖ్యమైనవి: మెట్రోనిడజోల్, కో-ట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, క్లారిత్రోమైసిన్, తామరకి ఇచ్చే ఫ్లూకనజోల్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్. నోటిలో తెల్లపూతకు రాసే మైకనజోల్ జెల్ కూడా, పైపూతే కదా అని ఎవరూ అనుమానించరు. అమియోడరోన్ అయితే ఆపేశాక కూడా వారాలు, నెలల తరబడి ప్రభావం చూపుతుంది.

అంకెను పడగొట్టేవి: టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్. రిఫాంపిసిన్ మొదలుపెడితే ఎసిట్రోమ్ డోసు బాగా పెంచాల్సి వస్తుంది. టీబీ కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆగాక రెండు మూడు వారాల్లో అదే పెద్ద డోసు విషంలా మారుతుంది. అందుకని కోర్సు మొదట్లోనే కాదు, ముగిశాక కూడా వారంవారం ఐఎన్ఆర్ చూడాలి.

ఏ కొత్త మందు మొదలుపెట్టినా, ఏ పాత మందు ఆపినా, మూడు నుంచి ఐదు రోజుల్లో ఒక ఐఎన్ఆర్. పేర్లన్నీ గుర్తుపెట్టుకోవడం కన్నా ఈ ఒక్క అలవాటు సులువు.

నొప్పుల మాత్రలు ఇంకో రకం ప్రమాదం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు చేస్తాయి. ఐఎన్ఆర్ సరిగ్గా 2.5 ఉన్నా ఆ పుండు నుంచి రక్తం ఆగదు. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ వాడుకోండి, అదీ రోజుకు 2 గ్రాముల లోపల, అంటే 500 మి.గ్రా. మాత్రలు నాలుగు. అలా వరసగా నాలుగైదు రోజులు వాడాల్సి వస్తే ఐఎన్ఆర్ చూపించండి.

పిరుదుకి నొప్పి ఇంజెక్షన్ వద్దని గట్టిగా చెప్పండి. సూది పోట్లు కండలో లోతుగా రక్తం నింపేస్తాయి, తొడంతా నల్లగా కమిలి వాచిపోతుంది. టీకాల సంగతి వేరు: అంకె హద్దులో ఉంటే సన్న సూదితో భుజానికి వేయించుకుని, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు అదిమి పట్టుకుంటే చాలు. కీళ్లవాతం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ కూడా కండకి వేసేదే. ఈ మాత్ర మొదలయ్యాక అది అలాగే కొనసాగాలా, నోటి పెన్సిలిన్‌కి మారాలా అన్నది గుండె డాక్టరునే అడగాలి. భయపడి సొంతంగా మానేస్తే మిగిలిన వాల్వ్‌లు పాడవుతాయి.

పసరు మందులు, పేరులేని పొడులు, వెల్లుల్లి క్యాప్సూళ్లు, పసుపు క్యాప్సూళ్లు వద్దు. కూరలో వేసే వెల్లుల్లి, పసుపుతో ఇబ్బంది లేదు.

ఆడవాళ్లకి ప్రత్యేకంగా

లోహపు వాల్వ్ ఉన్న అమ్మాయికి పెళ్లి కుదిరితే, గర్భం రాకముందే గుండె డాక్టరుతో మాట్లాడాలి. నెల తప్పాక కాదు. ఎసినోకుమరాల్, వార్ఫరిన్ రెండూ మాయ దాటి బిడ్డకు చేరతాయి. 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. డోసు పెద్దదైతే ప్రమాదం ఎక్కువ. గడ్డకట్టకుండా చేసే హెపారిన్ రకం ఇంజెక్షన్లు బిడ్డకు చేరవు గానీ తల్లి వాల్వ్‌ను అంత బాగా కాపాడలేవు. ఏ నెలలో ఏది అన్నది గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు ఇద్దరూ కలిసి వెయ్యాల్సిన లెక్క. గర్భమని తెలియగానే ఎవరినీ అడక్కుండా మాత్ర ఆపెయ్యడం అన్నిటికన్నా ప్రమాదం, వాల్వ్ మూసుకుపోయి తల్లి ప్రాణం మీదికే వస్తుంది. వార్ఫరిన్ వేసుకుంటూ బిడ్డకు పాలివ్వొచ్చు. నెలసరిలో రక్తం గడ్డలుగా, వారం దాటి పోతుంటే ఐఎన్ఆర్‌తో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించండి.

అంకె హద్దు దాటితే

హద్దుకు కాస్త పైన ఉండి, 4.5 లోపల, ఎక్కడా రక్తం లేకపోతే డాక్టరు ఒక డోసు ఆపుతారు లేదా కొంచెం తగ్గిస్తారు. 4.5 నుంచి 10 దాకా వచ్చినా రక్తస్రావం లేకపోతే సాధారణంగా ఒకటి రెండు డోసులు ఆపి, మర్నాడో ఎల్లుండో మళ్లీ చూస్తారు. 10 దాటితే నోటితో కొద్దిగా విటమిన్ కె ఇస్తారు. దాన్ని షాపులో సొంతంగా కొని వేసుకోకండి: ఎక్కువ పడితే అంకె 1కి పడిపోయి, రోజుల తరబడి మాత్ర పనిచెయ్యదు, ఆలోగా వాల్వ్ మీద గడ్డ పడుతుంది.

అంకె తక్కువైతే నొప్పి, రక్తం లాంటి గుర్తులేవీ ఉండవు కాబట్టి జనం పట్టించుకోరు. మైట్రల్ లోహపు వాల్వ్ ఉండి 2 లోపలికి వస్తే ఆ రోజే ఫోన్ చెయ్యండి, కొందరికి అంకె ఎక్కేదాకా పొట్టకి హెపారిన్ రకం ఇంజెక్షన్లు అవసరమవుతాయి. లోహపు వాల్వ్ నిశ్శబ్దమైన గదిలో టిక్ టిక్ అని వినపడుతుంది, చాలామంది ఆ చప్పుడుకు అలవాటు పడిపోతారు. ఆ చప్పుడు మందగించినా, ఆగినా, దాంతో ఆయాసం మొదలైనా తెల్లారేదాకా ఆగకూడదు, వాల్వ్ రెక్క గడ్డలో ఇరుక్కుని ఉండొచ్చు.

స్టెంట్ మాత్రలు

మొదటి రకం మందుల్లో తప్పు ఒకటే, కానీ పెద్దది: ముందే ఆపెయ్యడం. స్టెంట్ తీగల మీద లోపలి పొర కప్పుకునేదాకా అక్కడ గడ్డ పట్టుకునే ప్రమాదం ఉంటుంది, పట్టుకుంటే మళ్లీ గుండెపోటే. గుండెపోటు తర్వాత స్టెంట్ వేస్తే ఆస్పిరిన్ 75 మి.గ్రా.తో పాటు రెండో మాత్ర (క్లోపిడోగ్రెల్ లాంటిది) సాధారణంగా 12 నెలలు, గుండెపోటు లేకుండా వేస్తే 6 నెలలు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి డాక్టర్లు దాన్ని తగ్గిస్తారు. గడువు ముగిశాక ఒకటి ఆపి ఒకటి కొనసాగిస్తారు.

మన షాపుల్లో రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ. పేరు చివర ఒక అక్షరం తేడాతో ఆస్పిరిన్ ఒక్కటే, ఆస్పిరిన్‌తో కొలెస్ట్రాల్ మందు, ఆస్పిరిన్‌తో క్లోపిడోగ్రెల్ వస్తాయి. ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండ్లు రాస్తే ఆస్పిరిన్ రెండుసార్లు పడుతుంది. క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లు గ్యాస్‌కి ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ అడగాలి, మొదటి రెండూ దాని పనిని తగ్గిస్తాయి. టికాగ్రెలార్ రోజుకు రెండుపూటలా వెయ్యాలి. కొత్తలో కొందరికి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది, అది మందు గుణం కావచ్చు, కానీ ఆపకుండా ముందు డాక్టరుకి చెప్పాలి.

మూడో రకంలో మూడు సంగతులు

ఇవి ఒంట్లో 12 నుంచి 24 గంటలకు మించి నిలవవు. రెండు డోసులు తప్పితే రక్షణ లేనట్టే. ఐఎన్ఆర్ లేదు కాబట్టి తప్పినట్టు పట్టించేవాళ్లూ ఉండరు.

రివరాక్సాబాన్ 15, 20 మి.గ్రా. మాత్రలు కడుపు నిండా తిన్నాకే వెయ్యాలి, ఖాళీ కడుపుతో వేస్తే సరిగా ఒంటికి పట్టదు. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి మింగకూడదు, మందు చాలా ఎక్కువగా రక్తంలోకి వెళ్తుంది. దానికి తేమ పడదు, వారానికి సరిపడా డబ్బీలో పోసి పెట్టకూడదు. నిటారుగా కూర్చుని గ్లాసు నీళ్లతో మింగాలి, లేకపోతే గుండెల్లో మంట.

మూత్రపిండాల పని తగ్గితే ఇవి ఒంట్లో పేరుకుంటాయి. ఏడాదికి ఒకసారైనా, పెద్దవాళ్లకి ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (మూత్రపిండాల పని చెప్పే రక్తపరీక్ష) చూడాలి. "వయసు మళ్లింది, సన్నగా ఉన్నారు" అని అపిక్సాబాన్‌ను ఊరికే సగం చేసేవాళ్లున్నారు. గుండె లయ తప్పినవాళ్లలో 5 నుంచి 2.5కి తగ్గించడానికి నియమం ఉంది: వయసు 80 లేదా పైన, బరువు 60 కిలోలు లేదా లోపల, క్రియాటినిన్ 1.5 లేదా పైన, ఈ మూడింట్లో రెండు ఉండాలి. మన పెద్దవాళ్లలో 60 కిలోల లోపలివాళ్లు ఎంతోమంది, ఆ ఒక్క కారణం చాలదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకి వేరే లెక్క ఉంటుంది.

రక్తం వస్తే

గీసుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గడియారం చూసి అదమండి, ఆగిందా అని మధ్యలో తీసి చూడకండి. ముక్కు నుంచి వస్తే తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నుంచి పదిహేను నిమిషాలు నొక్కి పట్టండి. అప్పటికీ ఆగకపోతే ఆస్పత్రికి.

తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కాఫీ పొడి లాంటి వాంతి, ఎర్రటి మూత్రం, ఎన్నడూ లేనంత తలనొప్పి, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం: వీటిలో ఏది కనపడినా 108. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లగా వస్తుంది, కానీ అది తారులా జిగటగా, ఆ వెగటు వాసనతో ఉండదు. తలకి గట్టి దెబ్బ తగిలితే బయటికి రక్తం లేకపోయినా, మనిషి మామూలుగా మాట్లాడుతున్నా స్కాన్ తప్పదు.

వర్షాకాలంలో డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇంట్లో బొప్పాయి ఆకు రసం తాగుతూ ఈ మాత్రలు వేసుకుంటూ కూర్చోకూడదు, ఆపాలా వద్దా అని రోజువారీ అంకెలు చూసి డాక్టరు చెప్పాలి. పొలంలో పాము కరిస్తే ఈ మందు వాడుతున్నట్టు మొదటి మాటగా చెప్పండి: రక్తపింజర విషం ఎక్కిందా లేదా అని డాక్టర్లు రక్తం గడ్డకట్టడాన్ని బట్టే చూస్తారు, ఈ మందు ఆ లెక్కను తారుమారు చేస్తుంది.

పన్ను, పెద్ద ఆపరేషన్లు

ఒకటి రెండు పళ్లు తీయడానికి ఎసిట్రోమ్ ఆపే అవసరం మామూలుగా ఉండదు. ముందు రోజు ఐఎన్ఆర్ చూసి, హద్దులో ఉంటే తీస్తారు. కుట్టు వేసి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ ఆసిడ్ ద్రవం పుక్కిలించమంటారు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకి వేరే జాగ్రత్త ఒకటుంది: పన్ను తీసే అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ పట్టకుండా. పెన్సిలిన్ పడనివాళ్లకి వేరే మందు ఇస్తారు. తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్ రాస్తే మార్పించుకోండి.

పెద్ద ఆపరేషన్ అయితే వార్ఫరిన్ సాధారణంగా ఐదు రోజుల ముందు, ఎసినోకుమరాల్ రెండు మూడు రోజుల ముందు ఆపుతారు. మైట్రల్ లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకి ఆ ఖాళీలో హెపారిన్ ఇంజెక్షన్లు పెడతారు. ఆపే తేదీ ఒక్కటే కాదు, మళ్లీ మొదలుపెట్టే తేదీ కూడా కాగితం మీద ఉండాలి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి: ఎసినోకుమరాల్ అక్కడ అమ్మరు, వార్ఫరినే దొరుకుతుంది. ఉండబోయే రోజులకు సరిపడా మాత్రలు, ఇంకో నెలకు అదనంగా, ప్రిస్క్రిప్షన్‌తో పాటు చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు.

జేబులో ఉండాల్సిన కార్డు మీద ఇవి రాయండి: పేరు, వాల్వ్ లేదా స్టెంట్ వివరం, వేసిన నెల, సంవత్సరం, మందు అసలు పేరు, వారం డోసు, ఐఎన్ఆర్ హద్దు, చివరి మూడు అంకెలు తేదీలతో, పడని మందులు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు. డోసు మారిన రోజే పాత కార్డు చింపేసి కొత్తది రాయండి. పాత డోసు ఉన్న కార్డు చూసి ఆస్పత్రిలో అదే మొదలుపెడతారు.